ఫోన్ పెట్టెయ్, నేనే చేస్త!

ఆర్మూర్‌లో లక్ష్మీరాజం గారికి ఫోన్ చేసి, మొదటిసారే ఒక్క మాటైనా పూర్తిగా చెప్పగలిగిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. "హలో" అన్నామో లేదో, అవతల నుంచి ఒకటే కేక: "ఫోన్ పెట్టెయ్! నేనే చేస్త!" టక్కున లైను కట్. ఆ తర్వాత ఆయన చొక్కా జేబులోంచి అట్ట ఊడిన చిన్న డైరీ తీసి, అందులో తన చేత్తో రాసుకున్న నంబరు వెతికి, కళ్లద్దాలు ముక్కు మీదికి తోసి, ఒక్కో అంకే పైకి చదువుతూ నొక్కి, అప్పుడు మాట మొదలుపెట్టేవాడు. డైరీలో నంబరు లేనివాడు ఆయన దృష్టిలో కొత్తవాడు కాదు, దొంగ.

"ఫోన్ల పేరు పడంగనే మనిషైతడా? గొంతు ఇనవడంగనే మనిషైతడా? పేరు ఎవడన్న పెట్టుకుంటడు, గొంతు ఎవడన్న మారుస్తడు. నంబరు నేను రాసుకున్నదైతేనే వాడు మనిషి!" అని ఆయన కోపంగా చెప్పేవాడు. ఆయన ఏం చెప్పినా కోపంగానే చెప్పేవాడు. "అన్నం తిన్నరా?" అని అడిగినా, తిన్నవాడు తప్పు చేశానేమోనని భయపడేవాడు.

ఒకసారి నిజామాబాద్ నుంచి పెద్ద ఆఫీసరొకాయన ఫోన్ చేశాడు. కేక, కట్. ఆఫీసరుకు ఒళ్లు మండి మళ్లీ చేశాడు. మళ్లీ కేక, కట్. లక్ష్మీరాజం బీరువా తెరిచి, పాత సర్కారు ఉత్తరం మీద అచ్చయిన ఆఫీసు నంబరు చూసి, దానికి ఫోన్ చేసి, ముగ్గురు గుమాస్తాలను దాటుకుని నలభై నిమిషాలకు ఆ ఆఫీసరును పట్టుకున్నాడు. "ఆఁ, ఇప్పుడు చెప్పుండ్రి సార్. మీరు మీరేనని ఖాయమైంది" అన్నాడు. అప్పటికి ఆఫీసరు ఎందుకు ఫోన్ చేశాడో మరిచిపోయాడు.

ఇంకోసారి ఆయన భార్య విజయలక్ష్మి ఫోన్‌లో చార్జింగ్ అయిపోతే, బస్టాండు పక్క కిరాణా కొట్టువాడి ఫోన్ అడిగి చేసింది. "నేను..." అన్నది. "పెట్టెయ్!" అన్నాడు. ఆమె నంబరుకు చేశాడు, స్విచాఫ్. మళ్లీ చేశాడు, స్విచాఫ్. స్విచాఫ్ అని చెప్పే రికార్డు గొంతును కూడా నాలుగు తిట్టాడు. ఆ మహాతల్లి రెండు సంచులు మోసుకుంటూ ఎండలో ఆఫీసుకు నడిచొచ్చి, ఆయన బల్ల ముందు నిలబడి, "ఇగో, మనిషినే వచ్చిన. ఇప్పుడన్న నమ్ముతవా?" అన్నది. ఆయన జవాబు చెప్పేముందు ఒక్క క్షణం ఆలోచించాడట. ఆ క్షణాన్ని ఆమె ఇప్పటికీ క్షమించలేదు.

ఈ లక్ష్మీరాజం 'పసిడికొమ్ము రైతు సంఘం'కు మేనేజరు. పెర్కిట్ దారిలో రేకుల గోదాము, దాని పక్కన మూడు గదుల ఆఫీసు. చుట్టుపక్కల రైతులు పసుపు నమూనా తెచ్చి ఇస్తే, నాణ్యత పరీక్షించి, కొనేవాళ్లకు చెప్పడం సంఘం పని. ఆ పని కోసం నాలుగు వేల మంది రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు ఆఫీసు కంప్యూటర్లలో ఉండేవి. ఆ కంప్యూటర్ల ముందు కూర్చునేది కృతిక.

కృతికది సిరికొండ. ఇరవై ఆరేళ్లు. ఎవరైనా కాలు తొక్కితే తనే "సారీ" చెప్పే రకం. ఉద్యోగంలో చేరిన మూడో రోజే ఆమెకు లక్ష్మీరాజం మీద పీకలదాకా కోపం వచ్చింది.

ఆ రోజు ఆమె పాస్‌వర్డ్ మరిచిపోకుండా చిన్న చిట్టీ మీద రాసి కీబోర్డు కింద పెట్టుకుంది. లక్ష్మీరాజం దాన్ని రెండు వేళ్లతో, చచ్చిన బల్లిని ఎత్తినట్టు ఎత్తి, ఆఫీసు నడిమధ్య నిలబడి అరిచాడు. "ఏమే చిట్టీ! నీకు సిగ్గున్నదా? నాలుగు వేల ఇండ్ల తాళంచెవి నీ మీద రాసుకుని గీడ పండుకున్నవా? ఎవడన్న ఊడ్చేటోడు చూస్తె? గాలికి ఎగిరి సడకు మీద పడితె?" అలా పావుగంట తిట్టి, చిట్టీని నీళ్ల గ్లాసులో ముంచి, ఉండ చేసి, నలిపి, పారేశాడు.

కృతిక నమూనాల గదిలోకి వెళ్లి ఏడ్చింది. ఆ గదిలో ఏసయ్య పసుపు కొమ్ములు విరిచి రంగు చూస్తున్నాడు. సంఘం పెట్టిన నాటి నుంచీ ఉన్న మనిషి.

"ఎందుకేడుస్తున్నవ్ బిడ్డా? ఆయన నిన్ను తిట్టిండా?"

"మరి ఎవల్ని తిట్టిండన్నా?"

"చిట్టీని తిట్టిండు. నువ్వు ఇనలే? 'ఏమే చిట్టీ' అన్నడు గని 'ఏమే కృతికా' అన్నడా?"

కృతికకు ఈ తేడా ఏమీ ఊరటగా అనిపించలేదు. పైగా మర్నాడు ఉదయం ఆమె బల్ల మీద, పాస్‌వర్డ్‌లను కంప్యూటర్ లోపలే తాళం వేసి దాచుకోవడం ఎలాగో లక్ష్మీరాజం స్వయంగా బొమ్మలు గీసి రాసిన కాగితం ఉంది. బొమ్మలు కూడా కోపంగానే ఉన్నాయి. మనిషి బొమ్మకు కనుబొమ్మలు రెండూ ముక్కు మీద కలిశాయి.

సోమవారం వస్తే ఇంకో గోల. ఆయన ఏసయ్య ఫోన్ తీసుకుని పక్క గదిలోకి పోయి, తలుపేసుకుని, దొంగ వేషం కట్టి తన ఆఫీసుకే ఫోన్ చేసేవాడు. "హలో! హమ్ ముంబై బ్యాంక్ సే బాత్ కర్తున్నం! ఆప్‌కా పాస్‌వర్డ్ జర బతావ్!" ఆ గొంతు ఫోన్‌లో కంటే ముందు గోడ అవతలి నుంచి వినపడేది. అయినా పని తొందరలో ఎవరైనా పొరపాటున జవాబిచ్చారా, తలుపు తన్నుకుని బయటికి వచ్చేవాడు.

"ఎవడా బ్యాంకోడు! ఎంత బేమాన్‌గాడు! మా పిల్ల పనిల మునిగి ఉన్నప్పుడు చూసి చేస్తడా!"

"నువ్వే గద సార్" అనేవాడు ఏసయ్య.

"నేనే! నాసొంటి దొంగను అస్సలు నమ్మద్దు!"

తిట్లన్నీ అయ్యాక చివర ఒక మాట చెప్పేవాడు. "చూడుండ్రి, ఎంత పెద్దోడు అడిగినా 'పెట్టేసి నేనే చేస్త' అనుండ్రి. వాడు కోపం చేస్తె నా పేరు చెప్పుండ్రి. 'మా సారు రాక్షసుడు, చెప్తె నన్ను బతకనియ్యడు' అనుండ్రి. నా పేరు ఎంత ఖరాబు చేస్తె అంత మంచిది."

ఇదే మాట ఊరూరా రైతుల మీటింగుల్లోనూ చెప్పొచ్చేవాడు. దొంకేశ్వర్ వెళ్తే దొంకేశ్వర్ మొత్తాన్ని తిట్టొచ్చేవాడు. కొందరికి మంచి పేరు పిచ్చి ఉంటుంది, ఈయనకు చెడ్డపేరు పిచ్చి అనుకునేది కృతిక.

రెండేళ్లు గడిచాయి. జనవరి చివరి వారంలో ఒకరోజు లక్ష్మీరాజం పని మీద నిజామాబాద్ వెళ్లాడు. అప్పుడే సంఘం చైర్మన్ హరిప్రసాద్ ఫోన్ చేశాడు. ఆయన పెద్ద పసుపు వ్యాపారి, ఎవరి మాటకూ ఆగే అలవాటు లేనివాడు. మీటింగు కోసం రైతుల లిస్టు కావాలన్నాడు.

"సార్, పెట్టేసి నేనే చేస్త సార్" అన్నది కృతిక భయపడుతూనే, పెట్టేసింది, ఆయన నంబరుకు చేసింది. ఆయన ఎత్తలేదు. గంటలో కారు ఆఫీసు ముందు ఆగింది.

"ఏమమ్మా, నా గొంతు గుర్తుపట్టవా? నేను పెట్టిన సంఘంల నాకే పరీక్షనా? నేనేమన్న దొంగనా?" అని గోదాములో హమాలీలందరూ వినేలా కడిగేశాడు. కృతిక తలవంచుకుని నిలబడింది. సాయంత్రం లక్ష్మీరాజం వచ్చాక ఆయనకు చెప్పలేదు. ఈ రాక్షసుడికి చెబితే ఇంకో గంట తిట్లు, ఎందుకొచ్చిన గొడవ అనుకుంది. కానీ రాత్రి అన్నం సహించలేదు. ఒకాయన 'మీరెవరు' అని అడగకపోతే తిడతాడు, ఒకాయన అడిగితే తిడతాడు. ఇద్దరి మీదా కోపంతో ఆమె కంచం పక్కకు నెట్టింది.

సరిగ్గా వారం తిరిగింది. పసుపు దిగే రోజులు. ఆఫీసు నిండా నమూనా సంచులు, వరండా నిండా రైతులు. పొద్దున పదకొండు గంటలకు కృతిక ఫోన్ మోగింది. వాట్సాప్ కాల్. తెర మీద, మెడలో పూలదండ వేసుకున్న హరిప్రసాద్ ఫొటో.

"అమ్మా, నేను హరిప్రసాద్. గొంతు బొంగురుపోయింది. హైదరాబాద్‌ల మీటింగుల ఉన్న. దొంకేశ్వర్ రైతుల లిస్టు జల్ది పంపు. ఫోన్ నంబర్లు, ఆధార్, బ్యాంకు నంబర్లు, అన్ని ఉండాలె."

"సార్, పెట్టేసి..." అనబోయింది. హమాలీల ముందు తలవంచుకున్నది గుర్తొచ్చింది. ఆ బొంగురు గొంతు హరిప్రసాద్‌దే అనిపించింది. అనిపించకపోయినా ఆ రోజు ఆమె అడగగలిగేది కాదు. పంపేసింది. మూడు వందల పన్నెండు మంది.

ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ అదే గొంతు. "ఇగ సిరికొండ లిస్టు గూడ పంపు. నీ ఫోనుకు ఆరంకెల నంబరు వస్తది, అది చెప్పు."

సిరికొండ లిస్టులో కృతిక వాళ్లమ్మ పేరుంది. అమ్మ ఫోన్ నంబరు, బ్యాంకు నంబరు కళ్ల ముందు మెదిలాయి. ఫోన్ కట్ చేసి, ఆఫీసు రిజిస్టరులో ఉన్న హరిప్రసాద్ నంబరుకు చేసింది.

"నేను లిస్టు ఎందుకడుగుత? దుకాణంల ఉన్న. నా గొంతుకేమైంది, మంచిగనే ఉన్నది!" అన్నాడు అసలు హరిప్రసాద్. "అసలేమైంది?" అని ఆయన అరుస్తుండగానే కృతిక తన పేరైనా చెప్పకుండా పెట్టేసింది.

తెర మీద తను పంపిన లిస్టు కనపడుతోంది. చెరిపేస్తే? ఎవరు చూశారు? ఆమె వేలు దాని మీదికి వెళ్లింది కూడా. పక్క గదిలో లక్ష్మీరాజం ప్రింటరును తిడుతున్నాడు: "కాగితం మింగుతవా? అన్నం పెడతలేమా నీకు?" కాగితం ఇరుక్కున్నందుకే ఇంత అరిచే మనిషి మూడు వందల మంది వివరాలు పోయాయంటే ఏం చేస్తాడు? కానీ ఆ మూడు వందల మందిలో ఎవరి అమ్మకో ఈపాటికే దొంగ ఫోన్ చేస్తూ ఉంటాడు. కృతిక లేచింది. పక్క గదిలోకి నడిచింది.

"సార్, నేను తప్పు చేసిన" అని మొదలుపెట్టి, ఆపకుండా మొత్తం చెప్పేసింది, ఒక్క హరిప్రసాద్ తిట్ల సంగతి తప్ప. చెప్పి కళ్లు మూసుకుంది.

అరుపు రాలేదు. ఒక కన్ను తెరిచి చూసింది. ఆయన గోడ గడియారం చూస్తున్నాడు.

"ఎన్ని గంటలకు పంపినవ్?"

"పదకొండు పదికి సార్."

"ఇప్పుడు పదకొండు నలభై. ముప్పై నిమిషాల్ల చెప్పినవ్." ఆయన గొంతు ఎంత మెత్తగా ఉందంటే, కృతికకు అది వేరేవాళ్ల గొంతేమో అని అనుమానమొచ్చింది. "మంచి పని చేసినవ్ బిడ్డా. మస్తు మంచి పని చేసినవ్. చెరిపెయ్యలే గద? ఆ నంబరు, మెసేజు, అన్ని అట్లనే ఉంచు."

ఆ తర్వాత వచ్చింది అరుపు. రేకులు అదిరాయి. "ఎవడ్రా వాడు! దొంకేశ్వర్ రైతుల మీద చెయ్యేస్తవా! మా పిల్లను మోసం చేస్తవా! చలిల తడిపిన మడి, ఎండల తవ్విన పంట, నువ్వు కూసున్నకాడ మింగుతవా!" ఒక చేత్తో బల్లను గుద్దుతూనే, ఇంకో చేత్తో సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేశాడు. తర్వాత డైరీ తీసి బ్యాంకుకు చేశాడు.

"మీరు లక్ష్మీరాజం గారేనని మాకెట్ల తెలుస్తది? పెట్టుండ్రి, మేమే చేస్తం" అన్నారు బ్యాంకువాళ్లు.

లక్ష్మీరాజం మొహం ఎర్రబడింది. రెండు క్షణాలు ఉడికిపోయాడు. తర్వాత "శభాష్!" అని ఫోన్ పెట్టేసి, అది మోగేదాకా దాని వైపు గుడ్లురిమి చూస్తూ కూర్చున్నాడు.

లిస్టును ఏసయ్యతో కలిసి ముగ్గురూ పంచుకుని దొంకేశ్వర్ రైతులకు ఫోన్లు మొదలుపెట్టారు. కృతిక మొదటివాడికి చేసింది. "పెద్దనాయనా, సంఘం నుంచి మాట్లాడుతున్న..."

"పెట్టెయ్ బిడ్డా, మేమే చేస్తం!" కట్.

రెండోవాడు: "పెట్టెయ్!" కట్. మూడోవాడు, నాలుగోవాడు, పద్దెనిమిదోవాడు. ఎవ్వరూ వినరు. పెట్టేసినవాళ్లంతా ఆఫీసు నంబరుకు తిరిగి చేస్తున్నారు. ఉన్న ఒక్క లైనుకు ఊపిరాడటం లేదు. కృతికకు పిచ్చి కోపమొచ్చింది. "ఒక్కరన్న ఇంటలేరు సార్! వాళ్ల మంచికే చెప్తున్నా ఇంటలేరు!" అని జీవితంలో మొదటిసారి అరిచింది.

"ఇనద్దు! ఎందుకింటరు!" లక్ష్మీరాజం ఆనందంతో గంతులు వేస్తూ కోప్పడ్డాడు. "ఎంత మంచిగ తిట్టిన నేను వీళ్లను! చూడు, ఒక్కడు నమ్ముతలేడు!"

తిరిగి చేసినవాళ్లలో మంగవ్వ అనే ఆమె ఉంది. అరవై దాటిన రైతు. ఆమె ఫోన్ కృతికే ఎత్తింది.

"బిడ్డా, ఇప్పుడు చేసింది నువ్వేనా? ఇంతకు ముంగట ఇంకొకడు గూడ సంఘం అనే చేసిండు. సర్కారు పైసలు పడ్డయంట, ఫోనుకొచ్చిన నంబరు చెప్పుమన్నడు."

"చెప్పినవా అవ్వా?"

"నేనెందుకు చెప్త? 'నాయనా, చెప్తె మా లక్ష్మీరాజం సారు నన్ను నిలవెట్టి తిడతడు, నాతోని కాదు' అన్న. వాడు బతిలాడిండు. సారుకు తెల్వనియ్యనన్నడు. 'ఆయనకు తెల్వకుంట ఉండదు, రాక్షసుడు' అని పెట్టేసిన."

"అవ్వా, నిజంగ నీకు సారంటె అంత భయమా?"

మంగవ్వ ఫక్కున నవ్వింది. "భయమెందుకు బిడ్డా? మొన్న మా ఇంట్ల కూసుండి అంబలి తాగి పోయిండు, పసిపిల్లగాని లెక్క. గని ఆయన పేరు చెప్తె అడిగేటోడు నోరు మూస్తడు. నాసొంటి ముసల్దానికి 'ఇయ్యను' అనుడు చాతనైతదా? 'సారు తిడతడు' అనుడైతె అల్కగ వస్తది."

కృతిక లిస్టులో మంగవ్వ పేరు పక్కన టిక్కు పెట్టింది. గది అవతల లక్ష్మీరాజం ఎవరినో తిడుతున్నాడు. ఆ తిట్లు ఇప్పుడు ఆమె చెవికి ఇంకోలా వినపడ్డాయి.

మధ్యాహ్నం రెండింటికల్లా మూడు వందల పన్నెండు మందికీ కబురు అందింది. ఒకే ఒక్క పెద్దమనిషి దొంగకు ఆరంకెలూ చెప్పేశాడు. కానీ లక్ష్మీరాజం ముందే చెప్పి ఉంచాడు కాబట్టి, బ్యాంకువాళ్లు ఆయన ఖాతాను ఆపగలిగారు. ఇంకో పావుగంట ఆలస్యమై ఉంటే ఖాతా ఊడ్చుకుపోయేదని బ్యాంకాయన చెప్పాడు. పోయిన వివరాలు ఇక వెనక్కి రావు. అందుకే దొంకేశ్వర్ రైతులందరి ఖాతాలపైనా కొన్నాళ్లు కన్నేసి ఉంచడానికి బ్యాంకు ఒప్పుకుంది.

మూడు గంటలకు హరిప్రసాద్ కారు వచ్చింది. దిగుతూనే మొదలుపెట్టాడు. "ఎవలు పంపిండ్రు లిస్టు? నా పేరు బజార్ల పడ్డది! పేరు చెప్పు లక్ష్మీరాజం. ఇయ్యాలనే ఇంటికి పంపుత."

"పేరు చెప్ప."

"నేను చైర్మన్ను!"

"ఉండుండ్రి. తప్పు చేసి చెప్పినోళ్ల పేరు నా నోట్ల నుంచి రాదు. ఇయ్యాల చెప్పినోన్ని ఇంటికి పంపితె, రేపు తప్పు చేసినోడు చెప్పడు, చెరిపేస్తడు. అప్పుడు మూడు వందలు కాదు, నాలుగు వేల మంది మునుగుతరు."

కృతిక ముందుకొచ్చింది. పొద్దుటి నుంచి లోపల ఏదో మరుగుతోంది. అది భయం కాదని ఆమెకు అప్పుడే తెలిసింది.

"నేనే పంపిన సార్. ఎందుకు పంపిన్నో గూడ ఇనుండ్రి. పోయిన వారం మీరు ఫోన్ చేస్తె పెట్టేసి నేనే చేసిన. అందరి ముంగట నన్ను తిట్టిండ్రు. 'నా గొంతు గుర్తుపట్టవా' అన్నరు. ఇయ్యాల మీ గొంతే గుర్తుపట్టిన. అందుకే పంపిన."

లక్ష్మీరాజం మెల్లగా హరిప్రసాద్ వైపు తిరిగాడు. ఆయన అంతవరకూ పడిన కోపాలన్నీ ఒట్టి రిహార్సల్ అని అప్పుడు తెలిసింది.

"మీరు తిట్టిండ్రా? అడిగినందుకు తిట్టిండ్రా? తిట్టుడు నా డ్యూటీ చైర్మన్ సాబ్! నేను అడగనందుకు తిడత, మీరు అడిగినందుకు తిడితె పిల్ల ఏడ చావాలె? రెండేండ్లు గొంతు చించుకుని నేర్పిన. మీరు ఒక్క దినంల ఖతం చేసిండ్రు! దొంగ ఈ తలుపు పలగ్గొట్టలే. మీరు తెరిచి పెట్టిండ్రు, వాడు వచ్చిండు!"

"నేను... నాకైతే..."

"మీకైతే వేరే కాయిదా, వేరే రూలు ఉండాల్నా? దొంగకు గూడ గదే కావాలె! వాడు ఏసయ్య వేషం కట్టిండా? కట్టడు. 'నాకైతే' అనేటోని వేషమే కడతడు!"

ఎవరి మాటకూ ఆగని మనిషి ఆ రోజు ఆగాడు. చివరికి కృతిక వైపు చూడకుండానే, "ఇగ మీదట నేను చేసినా పెట్టెయ్యమ్మా. పెట్టెయ్యకపోతెనే తిడత" అని గొణిగి, కారెక్కి పోయాడు. ఏసయ్య గుమ్మం దగ్గర చప్పట్లు కొట్టబోయి, లక్ష్మీరాజం చూపు చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

సాయంత్రం విజయలక్ష్మి ఆఫీసుకు వచ్చేసరికి ఆమె భర్త నోట మాట లేదు. పొద్దుటి నుంచి అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది. ఆమె ఫ్లాస్కులోంచి మిరియాల పాలు పోసి ముందు పెట్టింది.

"చెప్తె ఇనడు కృతికా. ఈ మనిషికి కోపం రాదు, తెచ్చుకుంటడు. తెచ్చుకున్న కోపం గొంతుకు పడదు."

కృతిక తెల్లబోయింది. "సారుకు కోపం రాదా?"

"ఇంట్ల బల్లిని గూడ అదిలియ్యడు. పొద్దుగాల తానం చేసినంక అద్దం ముంగట నిలవడి కనుబొమ్మలు దగ్గరికి తెచ్చుకుని చూసుకుంటడు, సరిగ్గ కుదిరినయా లేవా అని."

లక్ష్మీరాజం చేతులూపి ఆపమన్నాడు. ఆమె ఆగలేదు. "నీకన్న ముంగట నీ కుర్చీల అంకిత అని ఒక పిల్ల ఉండె. గిట్లనే ఎవడో పెద్దోని పేరు చెప్పి అడిగితె ఇచ్చింది. పెద్దోళ్లకు ఎదురు చెప్పరాక ఇచ్చింది. మరునాడే ఆ పిల్లను తీసేసిండ్రు. అప్పుడు మీ సారు మస్తు మెత్తటి మనిషి. బతిలాడిండు, ఎవలు ఇనలే. వారం దినాలు నిద్ర పోలే. ఆఖరికి ఒకనాడు లేచి, 'నా పిల్లలకు ఎదురు చెప్పే ధైర్యం నేను ఇయ్యలేకపోవచ్చు, మా సారు తిడతడని చెప్పే సాకన్న ఇస్త' అన్నడు. గా దినం నుంచి ఈ వేషం."

లక్ష్మీరాజం కోపంగా బల్ల గుద్దాడు. గొంతు లేకపోవడంతో అది కోపంలా కనపడలేదు, తప్పు దొరికిపోయిన పిల్లవాడి ఉక్రోషంలా ఉంది. మిరియాల పాలు మాత్రం మారు మాట్లాడకుండా తాగేశాడు.

ఏప్రిల్‌లో సంఘం ఆలూర్‌లో కొత్త కేంద్రం తెరిచింది. దానికి ఇన్‌చార్జిగా కృతిక పేరును లక్ష్మీరాజమే రాశాడు. కృతిక సంతోషపడింది, తర్వాత బెంగపడింది.

"సార్, నాకు తిట్టరాదు. నా దగ్గర పనిచేసేటోళ్లు ఎవల పేరు చెప్పుకుంటరు?"

లక్ష్మీరాజం ఆమెను గోదాములోకి తీసుకెళ్లి పసుపు బస్తాల ముందు నిలబెట్టాడు. "తిట్టు."

"ఎవల్ని సార్?"

"బస్తాను తిట్టు! గట్టిగ!"

కృతిక గొంతు సవరించుకుంది. "బస్తా... జర... పక్కకు ఉండవా?"

లక్ష్మీరాజం తల పట్టుకున్నాడు. మూడు రోజులు నేర్పాడు. మూడో రోజుకు ఆమె బస్తాను "నువ్వు" అనగలిగింది, అంతే. "సరే పో, ఏదన్న ఆలోచిస్త" అని ఆయన విసుక్కున్నాడు.

మొదటి రోజు కృతిక ఆలూర్ కేంద్రంలో అడుగుపెట్టగానే, లోపల కూర్చున్న ఆపరేటరు లోకేశ్ కుర్చీ కింద పడేలా లేచి నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి, బుర్ర మీసాలు, గోదాము తలుపంత వెడల్పు. చెమటలు పడుతున్నాయి. అతని కంప్యూటర్ తెరకు తాళం వేసి ఉంది. బల్ల మీద ఒక్క చిట్టీ లేదు. ఫోన్‌ను రెండు చేతులతో ఛాతీకి అదుముకుని ఉన్నాడు.

"నమస్తే మేడం. ఒకటి అడగొచ్చా మేడం?"

"అడుగు."

"మొన్న లక్ష్మీరాజం సారు వచ్చి ఊరంత చెప్పి పోయిండు. మీతోని జర పైలం అన్నడు. ఆయనే మీకు భయపడతడంట. అడగకుంట లిస్టు ఇచ్చినందుకు ఎవలిదో సెల్‌ఫోను తీసుకపోయి పసుపు ఉడకవెట్టే కడాయిల ఏసిండ్రంట. నిజమేనా మేడం?"

కృతికకు నవ్వు తన్నుకొచ్చింది. పెదవులు బిగపట్టింది. అయ్యో కాదు, అంతా అబద్ధం అని చెప్పబోయింది. లోకేశ్ వైపు చూసింది. రేపు ఎవడో పెద్దవాడి పేరుతో ఇతనికి ఫోన్ వస్తుంది. అప్పుడు ఇంత పెద్ద మనిషికీ చెప్పుకోవడానికి ఒక రాక్షసి కావాలి. ఆమె రెండు కనుబొమ్మలూ ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.

"ఒకటి కాదు లోకేశ్, రెండు" అన్నది. "రెండోది సరిగ్గ ఉడకలే."